దివాణం నీడలో చీర లేదు

కోడూరు దగ్గర దివాణంలో సరోజినిగారికి తెల్లారితే రెండు పనులు. స్నానం చేసి రాణివాసం డాబా మీద చీర ఆరేసుకోవడం, కిందకి దిగి పడమటి వాకిట్లో దివాణం నీడ చూసుకోవడం. ఆ నీడ ఇవాళ్టి దివాణానిది కాదు, ముందు ముందు అవ్వబోయేదానిది. ఓసారి తుఫాను ముందు వారమంతా నీడకి పిట్టగోడ లేకపోతే, ఊరంతా అది చూసి ముందే సర్దుకుంది. అందుకే ఇప్పుడు రిపేర్లు అనేసరికి అందరూ ప్లాను వదిలేసి నీడ చూడ్డానికొచ్చారు.

దివాణంలో సగం వాటా సరోజినిగారిది, రాజాగారి పెద్దకొడుకు పోయాక ఆయన భార్యగా. ఆవిడ సంతకం లేందే పెచ్చు కూడా ఊడదీయడానికి లేదు. మరిది యుగంధర్ దీన్ని హోటల్ చేద్దామంటున్నాడు.

"మీ గది మీదే వదినా. మీరు కాలు కదపక్కర్లేదు" అన్నాడు.

మరిదిని ఆవిడ అనుమానించలేదు. తన చేత్తో అన్నం తిని పెరిగినవాడు. అనుమానమంతా గుడివాడ నుంచొచ్చిన ఆర్కిటెక్టు ఫణీంద్ర మీద. వచ్చిన దగ్గర్నుంచీ టేకు స్తంభాలు కొట్టి చూస్తాడు, వాసన చూస్తాడు, ఫొటోలు తీస్తాడు.

"వీడి చూపు మంచిది కాదు" అంది వంటమనిషి నాగేంద్రమ్మతో.

"కాఫీ ఇవ్వమంటారాండీ?"

"ఇవ్వు. వెండి గ్లాసులో మాత్రం వద్దు."

సంతకాల రోజున నీడ ఎంత బాగుందో. ఒరిగిన పోర్టికో నిటారుగా నిలబడింది. సరోజినిగారు స్తంభాల నీడలు ఒక్కొక్కటీ చూసుకుంది. అన్నీ ఉన్నాయి. సరేలెమ్మని పెన్ను మూత తీసింది.

రాణివాసం నీడ పడే చివర మగవాళ్ళు అడుగు పెట్టరు, అటు చూడరు కూడా. రాజాగారి కాలం నుంచీ అంతే. యుగంధర్ ఎంతో మర్యాదగా మొహం తిప్పుకుని నిలబడ్డాడు. ఫణీంద్రకి ఇదేం తెలీదు. టేపు పట్టుకుని సరాసరి అందులోకి నడిచాడు.

"బాబుగారూ, అటెళ్ళకూడదండీ" అంది నాగేంద్రమ్మ.

అతను డాబా వైపు చూశాడు, నేలవైపు చూశాడు. "అమ్మా, పైన మీ చీర ఆరేసుంది కదండీ. ఇక్కడ దాని నీడ లేదేంటండీ?"

సరోజినిగారు వెళ్ళి చూసింది. చీరా లేదు, చీర వేసే తీగా లేదు. గొడుగుల నీడలూ పడక్కుర్చీల నీడలూ ఉన్నాయి. ఆవిడ మరిది వైపు తిరిగింది.

"యుగంధర్, నేనెక్కడున్నాను?"

అతను తిప్పుకున్న మొహం ఇటు తిప్పలేదు. "బందరులో మంచి ఫ్లాటు చూశాను వదినా. లిఫ్టుంది. హోటల్ నడిపేవాళ్ళు ఆ డాబా గెస్టులకి కావాలన్నారు. పని మొదలయ్యాక మెల్లగా చెబుదామని..."

"మీరు ఇష్టపడే వెళ్తున్నారని ఈయన నాతో చెప్పారండీ" అన్నాడు ఫణీంద్ర.

సరోజినిగారికి ఏడుపొచ్చింది, ఏడవలేదు. పెన్నుకి మూత పెట్టేసింది. వాకిట్లో పోర్టికో నీడ మళ్ళీ ఒరిగింది, పిట్టగోడ నీడకి పళ్ళూడాయి. చిట్టచివర చీర నీడ ఒకటి మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.

ఆవిడ ఆ నీడలోనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. "రా బాబూ, మళ్ళీ గీద్దాం. నా వంటింటి దగ్గర మొదలుపెట్టు." తర్వాత లోపలికి కేకేసింది. "నాగేంద్రమ్మా, ఈ అబ్బాయికి కాఫీ పట్రా. వెండి గ్లాసులో."