అమ్మవారి పటం మీది లైటు

టేపు చుట్టినట్టే గుర్తు. ఎడమ బొటనవేలితో తీగల మెలికను నొక్కిపట్టి, కుడిచేత్తో నల్లటేపును మూడు చుట్లు తిప్పి, చివర పళ్ళతో కొరికినట్టు. నోట్లో ఆ జిగురు రుచి కూడా గుర్తుంది. కానీ ఇరవైనాలుగు లైట్ల కప్పులో మళ్ళీ మళ్ళీ అదే పని చేసినవాడి నోట్లో ఆ రుచి ఏ లైటుదని చెప్పాలి?

శశికుమార్ సెల్లారు మెట్ల పక్కన నిలబడి కప్పు వైపు చూస్తున్నాడు. అనంతపురం పాతూరులో రామలింగయ్య బట్టల కొట్టు అది. మొన్నటిదాకా మూటలు పడేసిన ఈ సెల్లారు ఈ రోజు తొమ్మిదింపావుకు పట్టుచీరల విభాగం అవుతుంది. పైనుంచి అల్యూమినియం పట్టీలను గళ్ళుగా వేలాడదీసి, గళ్ళలో తెల్లటి పలకలు పరిచారు. ఆ పలకల్లో గుండ్రంగా రంధ్రాలు కోసి అతను లైట్లు బిగించాడు. వెలుగు తప్ప మరేమీ బయటికి కనబడదు. తీగలూ జాయింట్లూ అన్నీ పలకల వెనకే.

ఇరవైమూడింటి మీద అతనికి అనుమానం లేదు. అనుమానమల్లా ఒక్కదాని మీదే.

నిన్న గురువారం. ఒకటిన్నరకు రాహుకాలం పడుతుంది, ఆలోగా అమ్మవారి పటం గోడకు చేరాలని రామలింగయ్య పట్టుబట్టాడు. "ఏమప్పా శశీ, మా యమ్మవారు చీకట్లో కూచుంటాదా? ఆ పైనుండేదొకటన్నా వెలిగించు" అన్నాడు. పది నిమిషాలే ఉంది. ఆ లైటు తీగలను ఊరికే మెలిపెట్టి వెలిగించి, పలక మూసేశాడు. అన్నం తిన్నాక వచ్చి టేపు చుడదామనుకున్నాడు. తిన్న తర్వాత తొమ్మిది లైట్లు మిగిలున్నాయి. వాటిలో ఒక్కొక్కటీ గుర్తుంది. నిచ్చెనను మళ్ళీ పటం ముందుకు జరిపినట్టు గుర్తుందా, జరపాలనుకున్నది గుర్తుందా? రాత్రి నుంచి ఎన్నిసార్లు తలచుకున్నాడో, తలచుకున్న ప్రతిసారీ నిచ్చెన మరికాస్త స్పష్టంగా కనబడుతోంది. అదే అతనికి నచ్చడం లేదు.

పొద్దున వచ్చీ రాగానే టెస్టరును అల్యూమినియం పట్టీకి తాకించి చూశాడు. వెలగలేదు. గుండె తేలికపడింది. అంత సులభంగా తేలికపడినందుకు భయమేసింది. తీగ ఇప్పుడు పట్టీకి తగలడం లేదు, అంతే. ఎవరైనా పట్టీని ఒకసారి లాగితే?

"అన్నా, అయిపాయ గదా, ఇంకా ఏం చూస్తాండావు? పలకలు రాలి పడతాయనా?" మెట్ల మీంచి నరసింహులు అడిగాడు. అతనితో కలిసి పనిచేసేవాడు. పైన కొట్టు పేరు బోర్డుకు లైట్లు కట్టి దిగుతున్నాడు.

"ఏం ల్యా."

పోయిన నెల నల్లమాడలో ఒక ఇంటివాళ్ళందరి ముందూ ఈ నరసింహులునే తిట్టాడు శశికుమార్. "జాయింటును బోడిగా ఇడిసిపెట్టినావే, రేపు ఎవురన్నా సస్తే నువ్వొచ్చి లేపుతావా?" అని. నరసింహులు మళ్ళీ నిచ్చెనెక్కి టేపు చుట్టాడు.

కూలికి వచ్చిన ఓబమ్మ ట్యాంకరు నీళ్ళతో నేలంతా కడిగింది. పూజ కాబట్టి అందరి చెప్పులూ మెట్ల మీదే ఉన్నాయి. నిన్నంతా చెప్పులతో తిరిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజు నేల తడి, కాళ్ళు వట్టివి.

రామలింగయ్య తల్లి కన్యకమ్మ బంతిపూల దండలు పట్టుకుని దిగింది. దండల చివర సన్నటి ఇనుపతీగ కొక్కేలు కట్టి ఉన్నాయి. పటం పక్కన ఇనుప స్టూలు వేయించుకుంది.

"ఏమప్పా, నీ కప్పు ఈ పూలబరువు మోస్తాదా?"

"మోస్తాది అవ్వా."

ఆ మాట తన నోటి నుంచే వచ్చింది.

చెప్పొచ్చు. చెబితే పలక తీయాలి. తీయాలంటే నిచ్చెన ఎక్కి పటం మీదుగా నిలబడాలి. ఆదివారం చర్చికి పోయేవాడి పాదాలు అమ్మవారి తల మీద. పద్నాలుగు రోజులుగా ఈ ఇంటి గ్లాసులతోనే టీ తాగుతున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనే అవకాశం తానెందుకు ఇవ్వాలి?

కారణం గట్టిగానే ఉంది. ఎవరికి చెప్పినా తల ఊపుతారు. కానీ ఆ కారణాన్ని పక్కకు నెట్టి చూస్తే వెనక అమ్మవారూ లేరు, చర్చీ లేదు. నరసింహులు ముఖం ఉంది. నవ్వడానికి సిద్ధంగా ఉన్న ఆ మూతి ఉంది. ఇంత చిన్నదాని కోసమా?

కన్యకమ్మ స్టూలెక్కింది. తడిసిన పాదాలు. కొక్కెం పట్టుకున్న చెయ్యి పటం మీది పట్టీ వైపు లేచింది.

అతను ఐదడుగుల్లో స్విచ్చిబోర్డు దగ్గరికి చేరాడు. మెయిన్ స్విచ్చి మీద పెట్టిన కుంకుమ ఇంకా తడిగానే ఉంది. కిందికి లాగాడు.

సెల్లారు చీకటైంది. మెట్ల మీంచి వచ్చే పగటి వెలుగు మాత్రం మిగిలింది.

"కరెంటు పాయనే! ముహూర్తం టయానికే పోవల్లనా దీనికి!" పైనుంచి రామలింగయ్య కేక.

"పోలేదన్నా, నేనే తీసినా."

"ఎందుకప్పా?"

"అమ్మవారి మీది లైటుకు టేపు చుట్టినానో లేదో నాకు తెలీదు. అవ్వా, ఆ కొక్కెం ఆడ తగిలించద్దు. దిగు."

మెట్ల మీద నరసింహులు నవ్వాడు. "చుట్టినాడో లేదో తెలీదంట!" అన్నాడు. అనుకున్నట్టే నవ్వాడు. అనుకున్నంత నొప్పి మాత్రం పుట్టలేదు.

"తెలీకపోతే ఎక్కి చూడల్ల గదప్పా," అంది కన్యకమ్మ స్టూలు దిగుతూ. "నాకు చెప్తా నిలబడితే తెలుస్తాదా?"

"అవ్వా, పటం మీద కాళ్ళు..."

"గుడ్డ కప్పుతా లే. నువ్వెక్కు."

మడత విప్పని కొత్త చీర ఒకటి తీసి పటానికి కప్పింది. నరసింహులు దిగి వచ్చి, ఒక చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు. రెండో చేత్తో ఫోను లైటు పైకి ఎత్తాడు.

శశికుమార్ ఎక్కాడు. నోట్లో మళ్ళీ ఆ జిగురు రుచి. రెండు వేళ్ళతో పలక అంచును పైకి నెట్టాడు.