ఖాళీ ట్యూబులో చుక్క

మా దశరథరామయ్య సార్ నోట్లో విజ్ఞానమూ వక్కపొడీ సరిసమానంగా ఉంటాయి. తిరువూరులో ఓ ప్రైవేటు కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతారు. ప్రయోగం ఎవరిదైనా సరే, ట్యూబుల మూతలన్నీ తీయించి, వాటిమీదికి వంగి పావుగంట ఉపన్యాసమిస్తేగాని మొదలుపెట్టనివ్వరు. పన్నెండేళ్ళుగా అటెండరుగా ఆ ట్యూబులు కడుగుతున్నది నేనే. నా పేరు గ్లోరి.

ఈసారి చిక్కులో పడ్డది ఇర్ఫానా, గంపలగూడెం నుంచి షేర్ ఆటోలో వచ్చే ఎమ్మెస్సీ పిల్ల. మనిషి ఉమ్మిలో పిండిని అరిగించే ఎంజైము ఉంటుంది కదా, దాన్ని పసిగట్టే యాంటీబాడీ మీద ఆమె ప్రాజెక్టు. ఆ ఎంజైమును కుందేలుకి ఎక్కిస్తే దాని రక్తంలో రకరకాల యాంటీబాడీలు పుడతాయి. ఒక్కో రకం యాంటీబాడీ ఎంజైమును ఒక్కో చోట పట్టుకుంటుంది కాబట్టి, అన్నీ కలిస్తే అది తప్పించుకోవడం కష్టం. ఆ కలగలుపుకి పాలీక్లోనల్ అని పెద్ద పేరు పెట్టారు గాని, కుందేలుకి ఎవరూ థ్యాంక్స్ చెప్పినట్టు లేదు.

పొరకాగితం మీద చుక్కలు పెట్టి ఆ యాంటీబాడీ పోస్తే, ఎంజైము చుక్క గోధుమరంగు తేలాలి. బఫరు అనే వట్టి ఉప్పునీళ్ళ చుక్క తెల్లగా ఉండిపోవాలి. ఇర్ఫానాకి మూడుసార్లూ ఆ వట్టి చుక్క కూడా రంగు తేలింది. అలాంటి ఫలితంతో వైవాకి వెళితే బయటి ఎగ్జామినరు ప్రాజెక్టు కొట్టేస్తాడు, ఏడాది పోతుంది. ట్యూబుల దగ్గర కబుర్లు చెబితే ఉమ్మి పడక ఏమవుతుందని సార్ అందరి ముందూ ఆమెను తిట్టారు. రంజాన్ ఉపవాసాలతో పెదవులెండి, మాస్కు కట్టుకుని, పలకరిస్తే తల మాత్రం ఊపే పిల్లని. నాకు ఒళ్ళు మండిపోయింది.

సీసాలో యాంటీబాడీ ఒక్కసారికే మిగిలింది. ఇర్ఫానా ఏడవలేదు. వైవాకి ముందురోజు బఫరును రెండు ట్యూబుల్లో పోసి, ఒకదానికి మూత బిగించి బీరువాలో పెట్టమని నాకిచ్చింది. రెండోది మూత తీసి సార్ ముందు పెట్టి, బఫరంటే ఏమిటో మళ్ళీ చెప్పమని అడిగింది. సార్ ఇరవై నిమిషాలు చెప్పారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, మధ్యలో మూడు సందేహాలు అడిగాను. తర్వాత ఇర్ఫానా రెండు ట్యూబుల్లోంచీ పొర మీద చుక్కలు పెట్టింది. పొర ఆరేసరికి ఆయన ఇంటికెళ్ళిపోయారు.

మర్నాడు ఎగ్జామినరు పొరను కిటికీ దగ్గర పెట్టి చూశాడు. ఎంజైము చుక్కకి రంగొచ్చింది. మూత బిగించిన బఫరు చుక్క తెల్లగానే ఉంది. మూత తీసిన దానికి మాత్రం రంగు తేలింది.

“ఇందులో ఎంజైము వేశావామ్మా?”

“వెయ్యలేదండి.”

“మరి ఇది ఎవరిది?”

ఇర్ఫానా తల దించుకుంది. చచ్చినా గురువు పేరు చెప్పదని నాకర్థమైంది. ఎగ్జామినరు మార్కుల కాగితం ముందుకు లాక్కున్నాడు. ఉద్యోగం పోతే పోయిందని నేనే చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో పక్కనే కూర్చున్న సార్ లేచి పొరను చేతిలోకి తీసుకున్నారు. మూత బిగించిన చుక్కనీ, తీసిన చుక్కనీ మార్చి మార్చి చూశారు. ఆయన మొహం నల్లబడింది. పన్నెండేళ్ళలో ఆయన ఒక్క తప్పైనా ఒప్పుకోవడం నేను చూడలేదు.

జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“నాదేనండి,” అన్నారు. “తిట్లు మాత్రం ఈ అమ్మాయి తింది. యాంటీబాడీ బాగా పనిచేస్తోంది, మార్కులు వేయండి.”