ఆఱవ తరగతి మంత్రము

రోహిణీకార్తె నిప్పులు చెరుగుచుండఁగా సున్నపుబట్టీల పొగయు రాతిదుమ్మును గలసి యాకసమునకు బూడిదరంగు పూయఁగా వీధికుక్కలు సైతము లారీల క్రిందికిఁ జేరి నాలుకలు వ్రేలవేసికొని వగర్చుచున్న మిట్టమధ్యాహ్నమున పిడుగురాళ్ల పట్టణమందలి యొక మోటారు వైండింగు దుకాణములో రాగితీఁగ చుట్టల నడుమఁ గూర్చుండి గంటెల త్రినాథము తన బావమఱది ముకుందునిఁ దిట్టుకొనుచుండెను. పైకిఁ దిట్టుటకు ఓపిక లేక లోలోపలనే తిట్టుకొనుచుండెను. వాఁడు నన్ను నమ్మించి నట్టేట ముంచెననునదే యా తిట్టులకెల్లఁ బల్లవి.

ముకుందుఁడు సత్తెనపల్లిలో నుండువాఁడు. పదునొకండు మాసములుగా వారిరువురును మధ్యాహ్నపు విరామవేళ ఎవరి కంప్యూటరు ముందు వారు కూర్చుండి చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని యొకే మాయాలోకపు టాటలోఁ గలసి తిరుగుచుండిరి. కాలిన తీఁగ విప్పి క్రొత్త తీఁగ చుట్టి యిరువదియేడేండ్లుగా వ్రేళ్లు మొద్దువాఱిన త్రినాథము ఆ లోకమున మాత్రము ఉక్కుకవచధరుఁడును కరాళకరవాలపాణియు రిపుమస్తకవిదళనచతురుఁడును నగు యోధుఁడై వెలసెను. అచ్చటి రాజు మెచ్చి యతనికి ఏటియొడ్డున నొక చేను నిచ్చెను. నిజమునకు సెంటు భూమియైన నెఱుఁగని త్రినాథము ఆ చేనిలోనిది యే పైరో తెలియకున్నను దానికి జొన్నయని పేరు పెట్టి ప్రతిదినమును గట్టు వెంబడి యొకమాఱు నడచి కాని దుకాణపుఁ బనికి లేచెడివాఁడు కాఁడు.

అట్లుండ అగ్నిముఖమగు నొక మహానాగము వచ్చు నాదివారము మధ్యాహ్నమున ఆ యేటియొడ్డుపై విఱుచుకపడునని యాటలోఁ జాటింపు వచ్చెను. దానిని గత్తి యాపలేదు. ఆఱవ మెట్టు మాంత్రికుఁడు లేపు నీటిగోడ యొక్కటియే యాపఁగలదు. ఆ యాటలోఁ గత్తివిద్యకును మంత్రవిద్యకును క్లాసులని పేరు. ఒక క్లాసువాఁడు రెండవదానిలోఁ గూడఁ జేరుటను మల్టీక్లాసందురు.

"బావా, కత్తిలో ఐదు ముగించి మంత్రములోనికి మాఱుము. రెండును వచ్చినవానికిఁ దిరుగు లేదు" అని ముకుందుఁడు చెప్పెను.

క్లాసనఁగాఁ ద్రినాథమునకుఁ దెలిసినది తరగతి యొక్కటియే. చిన్నబడిలో ఐదు ముగించి టీసీ పుచ్చుకొని పోయినవాఁడు పెద్దబడిలో ఆఱవ తరగతిలోఁ గాక మఱెక్కడఁ గూర్చుండును? ఒక్కనికి మాత్రము అట్లు జరుగలేదు. పదునొకండవ యేఁట త్రినాథము టీసీ చేతఁ బట్టుకొని పట్టణపు బడికిఁ బోఁగా పెద్దమాస్టరు ఇంగ్లీషు పుస్తకము చదివించి పెదవి విఱిచి మూఁడవ తరగతిలోఁ గూర్చుండఁబెట్టెను. మోఁకాళ్లు బల్లకుఁ దగులుచుండఁగా పసిపిల్లలు పకపక నవ్వుచుండఁగా మూఁడుదినములు కూర్చుండి నాలుగవనాఁడు లేచి వచ్చి మోటారు దుకాణమునఁ జేరెను. మనుష్యులు చేయని న్యాయము ఆ యాటయైనఁ జేయునని యతఁడు నమ్మియుండెను.

ఆ యాదివారమే కత్తిలో ఐదు పూర్తియయ్యెను. త్రినాథము కవచము విప్పి మాంత్రికుని కాషాయపుటంగీ తొడిగి మంత్రములోఁ జేరెను. తెరపై ఆఱు అను నంకె వెలిఁగెను. దానిని జూచి యతఁడు పెద్దమాస్టరును గూడ క్షమించెను.

ఇంతలో నాగము కనఁబడెను.

"బావా, గోడ లేపుము. అది యేటి నడుమకు వచ్చినది."

"లేపుచునే యున్నానురా. చేతినుండి అగ్గిపుల్లంత వెలుఁగు వచ్చుచున్నది కాని గోడ రాదే."

"మంత్రములో నెన్నవ మెట్టున నున్నావు?"

"ఆఱు. కనఁబడుట లేదా?"

"అది మొత్తము బావా. కత్తిలో ఐదు, మంత్రములో ఒకటి. ఒకటవవానికి దీపము వెలిగించుటయే నేర్పుదురు."

"ఐదు చదివి వచ్చినవానిని మరల ఒకటిలోఁ గూర్చుండఁబెట్టుదురా?"

"ఆ బడికి నీవు క్రొత్తవాఁడవు గదా. నెరసిన మీసములతోఁ బలక పట్టుకొని రమ్ము, నేను ఓనమాలు దిద్దించెదను" అని ముకుందుఁడు నవ్వెను.

"ఈ మాట ముందే యేల చెప్పవైతివి?"

"నీవు అడిగితివా? ఇది తెలియనివాఁ డుండునని నేనెఱుఁగుదునా?"

త్రినాథమునకు విప్పిన కవచము తొడుగుకొనుటకు వేళ లేదు. నాగము నోరు తెఱచి యొక్కమాఱు ఊదినంతనే జొన్నయని యతఁడు పిలుచుకొన్న పైరంతయు గాలిలోనికి లేచి మసియై రాలెను. పనియైన పిమ్మట నాగము వచ్చినదారినే పోయెను. ఆ లోకమునఁ బొగ క్రమ్మి చీఁకటి పడెను.

"పోనిమ్ము బావా. కంప్యూటరు కట్టివేసి భోజనము చేయుము. రేపు క్రొత్త యోధునితో మొదలుపెట్టుదము" అని ముకుందుఁ డీమాఱు మెల్లఁగాఁ బలికెను.

రాగితీఁగ చుట్టల నడుమ లోలోపలఁ దిట్టుకొనుచున్న త్రినాథము లేవలేదు. లేచిపోవుట యెట్లుండునో యతఁ డొకమాఱు చూచియుండెను. వీఁపున వెలువడిన చెమట చొక్కాకంటుకొనఁగా మొద్దువాఱిన వ్రేలితో నొక మీట నొక్కి యా యొకటవ తరగతి మంత్రమునే మరలఁ జదివెను. అరచేత దీపము వెలిఁగెను. ఆ గ్రుడ్డివెలుఁగునఁ గాలిన గట్టు వెంబడి యేటివైపునుండి మొదలిడి నాలుగుమూలలును అడుగులు లెక్కించుచు నడచెను. హెడ్‌ఫోనులో ముకుందుఁడు ఊపిరి పీల్చుట వినఁబడుచునే యుండెను.

"ఎంత బావా?" అని వాఁడు తుదకు నడిగెను.

"ఒక యెకరము ముప్పదియేడు సెంట్లు" అని త్రినాథము చెప్పెను.