తెల్లపిల్లి చెవి

కర్ణాటకలోని వల్లూరులో తిప్పేస్వామి ఇంటి తెల్లపిల్లికి పద్నాలుగేళ్లు. చేలో వేరుశనగ పండే రోజుల్లో మూటల దగ్గర ఎలుకలు పడుతుందని తెచ్చుకున్నారు. చేను సోలారు పలకల కిందికి పోయాక దానికి పని లేకుండా పోయింది. పగలంతా రేకుల కప్పు మీద ఎండలో పడుకునేది. పోయిన వేసవిలో దాని ఎడమ చెవి అంచున చిన్న పుండు లేచింది. గొర్రెలు కాచిన చేయి కదా, తిప్పేస్వామి దాన్ని గజ్జి అనుకుని వేపనూనె పూశాడు, పసుపు అద్దాడు. ఐదు నెలలు తిరిగేసరికి చెవి సగం గడ్డ కట్టింది. తల విదిలించినప్పుడల్లా గోడ మీద నెత్తురు చుక్కలు పడసాగాయి.

పావగడలో పశువుల డాక్టరు యోగీశ్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. క్యాన్సరని తేలింది. తెల్లపిల్లులకు వెంట్రుకలు పలచగా ఉన్నచోట ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఇలా వస్తుందన్నాడు. చెవి మొదలంటా కోసేస్తే ఇంకో ఏడాది రెండేళ్లు నొప్పి లేకుండా బతకవచ్చు. కానీ మూత్రపిండాలు బాగాలేవు, మత్తిస్తే మళ్లీ లేవకపోవచ్చు. కోయకపోతే నొప్పి మందు పోస్తూ ఉన్నన్నాళ్లు చూసుకోవచ్చు. గడ్డ మాత్రం ఆగదు. సోమవారంలోగా ఏ సంగతో చెప్పమన్నాడు.

తిప్పేస్వామి ఎటూ తేల్చుకోలేకపోయాడు. పొద్దున పలకలు కడగడానికి వెళ్లి, నడుము పట్టేసి ఇంటికొచ్చి, పిల్లి పక్కన కూలబడేవాడు. అది పాలు తాగితే కోయించాలనిపించేది. మూలన ముడుచుకుంటే, ముసలి ప్రాణాన్ని కత్తి కింద పెట్టడమెందుకు అనిపించేది.

శనివారం ఒక్కపొద్దు ఉండి, ఇంటిదేవర గుడికి పోయి పువ్వు అడిగాడు. విగ్రహానికి తడి పూలు అంటించి మనసులో మాట అడుగుతారు. కుడి పువ్వు రాలితే సరేనని, ఎడమది రాలితే వద్దని. పిల్లి కోసమని చెప్పడానికి సిగ్గేసి, ఇంట్లో ఒక ప్రాణికి బాగాలేదని మాత్రం పూజారి ఈరప్పతో అన్నాడు. కళ్లు మూసుకున్నాడో లేదో కుడి పువ్వు రాలింది.

"ఏమని అడిగితివప్పా?" అన్నాడు ఈరప్ప.

"కోయించాల్నా, ఇడిసిపెట్టాల్నా అని."

ఈరప్ప రాలిన పువ్వును చేతిలోకి తీసుకున్నాడు. "రెండూ కలిపి అడిగితే స్వామి దేనికి సరే అన్నెట్లప్పా?"

మళ్లీ అడగవచ్చా అంటే, ఒక పనికి ఒక్కసారేనని తలుపు దగ్గరగా వేశాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే భార్య హనుమంతమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, "నీకు కావాల్సింది జవాబు కాదులే," అంది. "రేపు అది పోతే, స్వామి చెప్పినాడు, నేను చేయించినా అనుకోవాల. దానికే గదా పోయినావు?"

అది నిజమేనేమో అనుకున్నాడు తిప్పేస్వామి. ఊరికి ఇప్పుడు కూడు పెట్టే ఎండ ఆ స్వామిదే, పిల్లికి పుండు పెట్టిన ఎండా ఆయనదే. అదేమని అడగాలంటే ఏ పువ్వు పెట్టాలి? అంత మాట అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పిల్లి చెవి గోక్కోవడానికి వెనకకాలు ఎత్తింది. కాలు చెవిదాకా పోకుండా గాలిలోనే ఆగింది. కాసేపు అలాగే ఉండి, మెల్లగా దించుకుంది. దానికి ఓర్చుకోవడం అలవాటైపోయిందని తిప్పేస్వామికి అప్పుడు తెలిసింది. అతనికి చూడబుద్ధి కాలేదు. లేచి వెళ్లి డాక్టరుకు ఫోన్ చేశాడు.

సోమవారం పిల్లిని గంపలో పెట్టుకుని బస్సెక్కాడు. డాక్టరు మొదట కన్నడంలో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. మత్తులో ప్రాణం పోతే బాధ్యత యజమానిదేనని అందులో ఉంది. తిప్పేస్వామి వేలు పెట్టి ఒక్కో వరుసా చదవసాగాడు.

"ఊరికే రూలుకు తీసుకునేది అజ్జా, సంతకం పెట్టు చాలు," అన్నాడు యోగీశ్.

"ఊరికే కాదులే సార్. నాదే," అన్నాడు తిప్పేస్వామి.

సంతకం పెట్టి, పిల్లిని తానే బల్ల మీద పడుకోబెట్టాడు. సూది దిగి దాని ఒళ్లు బరువయ్యేదాకా మెడ కింది నుంచి చేయి తీయలేదు.