పొయ్యి మీద వాక్యం

ఒడిశా కొండల్లోని బంధుగాంలో జయరాజు మేస్టారి పొయ్యిని చూడని తెలుగు క్రైస్తవ కుటుంబం లేదు. గ్యాసు బండ ఎప్పుడొస్తుందో ప్రభువుకే ఎరుక కాబట్టి ఆ ఇంట్లో వంటంతా కట్టెల మీదే. ఆ పొగకే భార్య దేవమణికి దగ్గు ముదిరింది. "పొగ మానకపోతే ఊపిరితిత్తులు దక్కవు" అని కొరాపుట్‌ డాక్టరు చెప్పినప్పుడు మేస్టారికి నిజంగానే భయం వేసింది. నెల తిరక్కుండా గొట్టం ఉన్న పొయ్యి కట్టించాడు.

కట్టించి ఊరుకుంటే మేస్టారెందుకవుతాడు? పాస్టరుగారిని పిలిచి ప్రతిష్ఠ ప్రార్థన చేయించాడు. వీధి గుమ్మం మీద రాసినట్టే పొయ్యి ముఖం మీద కూడా తెల్లరంగుతో, తన ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక బైబిలు వాక్యం రాశాడు. "ఒక్క అక్షరం మాసినా ఊరుకోను" అని భార్యకు గట్టిగా చెప్పాడు.

అది మొదలు ప్రతి ఆదివారం ఆరాధన కాగానే ఎవరినో ఒకరిని వెంటబెట్టుకొచ్చి పాఠం చెప్పేవాడు. "కట్టెను సన్నగా చీల్చాలి. బాగా ఎండాలి. ఒకేసారి కుక్కెయ్యకూడదు. నెలకోసారి గొట్టం దులపాలి." దేవమణి టీ తెచ్చిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేది. "మంచు పడదు దీనికి" అనేవాడు జాలిగా.

ఈ ఆదివారం వచ్చినవాడు రాయగడ తాపీమేస్త్రి భీమారావు.

"కట్టి ఆర్నెల్లయింది. ఏదీ, గొట్టంలో మసి చూపించు!" అని సవాలు చేశాడు మేస్టారు.

భీమారావు పొడుగాటి కర్ర తెచ్చి గొట్టంలో కదిపాడు. చిటికెడు మసి రాలలేదు. ఖాళీ పిచ్చుక గూడొకటి జారి పొయ్యిలో పడింది.

"ఈ పొయ్యి ఇంకా అగ్గినే సూడ్నేదు మేస్టారూ!"

పెరట్లోంచి దగ్గు వినబడితే మేస్టారు అటు పరుగెత్తాడు. రేకుల చాటున మూడు రాళ్లు, వాటి మధ్య పచ్చి నీలగిరి కట్టెలు, పొగలో కళ్లు తుడుచుకుంటూ టీ కాస్తున్న దేవమణి.

"ఏటే ఇది?"

"మీరే కదండీ ఒక్క అచ్చరం మాసినా ఊరుకోనన్నారు. ఎలిగిత్తే మాసిపోదేటి?"

మేస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు. గుప్పెడు ఎర్రమట్టి తడిపి తెచ్చి తన ముత్యాల మీద అడ్డంగా పులిమేశాడు. తర్వాత ఎండు కట్టె కోసం ఇల్లంతా వెతికాడు. ఊరందరికీ చెప్పడమేగానీ, తనింట్లో ఒక్క కట్టెనూ చీల్చి ఎండబెట్టిన పాపాన పోలేదు.

దేవమణి దగ్గుతూనే లోపలికొచ్చి, వంగి పొయ్యిలోంచి పిచ్చుక గూడు తీసి ఆయన చేతికిచ్చింది.

"ఇదొక్కటీ ఎండుందండీ. ఎలిగించండి."