ఆషాఢం లేని లెక్క

ఆ బొమ్మ గాలికి ఎగిరిపోకుండా ఇద్దరు బంట్రోతులు చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. కంప్యూటర్ గీసిన బొమ్మ. రాతి క్వారీ నుంచి లేచిన దుమ్ము పసుపు రంగులో పడమటి గుట్ట వైపు సాగింది. తూర్పున ఉన్న ఊరి మీద రంగే లేదు. రోజుకు ఒక్క పేలుడు బదులు మూడు పేల్చుకుంటామని కంపెనీ అనుమతి అడిగితే, 2003 ఆషాఢంలో, స్కూలు ఆవరణలో, సర్కారు జరిపిన ప్రజాభిప్రాయ సేకరణ అది.

"రోజుకు ఒకటి కాదు, మూడు పేలుళ్లు పేల్చినా మీ ఊరికి చిటికెడు దుమ్ము రాదు," అన్నాడు కంపెనీ ఇంజనీరు.

ముందు వరసలో కూర్చున్న హనుమంతమ్మకు కడుపు మండిపోయింది. ఆమె మొగుడు సుంకన్న క్వారీలో అడుగుపెట్టిన మనిషి కాదు, గొర్రెలు కాసుకునేవాడు. అయినా ఊపిరితిత్తుల నిండా రాతిపొడే అన్నాడు డాక్టరు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే కూలబడతాడు. మూడు పేలుళ్లంటే ఆ మనిషి ఈ ఏడు దాటడు.

"ఈ గాలి ఎప్పుడు కొలిచినారు సార్?" హేమ లేచింది. డిగ్రీ చదివే పిల్ల. కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు రిపోర్టు చదవగలిగింది ఊళ్లో ఆమె ఒక్కతే.

"డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. రూలు ప్రకారం ఒక సీజన్ చాలు."

జనం గొల్లున నవ్వారు. నవ్వక ఏం చేస్తారు? చలికాలపు తూర్పుగాలి కొలిచి ఏడాదంతా అదే వీస్తుందని రాసుకున్నారు మహానుభావులు! నిలబడ్డ మనిషిని తోసేసే ఆషాఢం పడమటిగాలి వాళ్ల లెక్కలోనే లేదు.

వేరుశనగ విత్తనం వలిచే రోజులవి. ప్రతి ఇంటి ముందూ చెనక్కాయ పొట్టు కుప్పలే. ఎవరు తూర్పారపట్టాలన్నా ఏ పక్క నిలబడాలో హనుమంతమ్మనే అడుగుతారు. ఆమె లేచిపోయి చేటెడు పొట్టు తెచ్చింది. అధికారుల బల్లకు పడమట నిలబడి చేట ఎత్తింది. పొట్టంతా వాళ్ల కాగితాల మీదా తలల మీదా పడింది.

"ఏమప్పా, ఇది యాడికి పోయినాదో నీ కంప్యూటర్ని అడుగు!"

"రోజూ ఒంటిగంటకు పేల్చేటోళ్లు ఈ పొద్దు ఎందుకు నిలిపినారు?" వెనక నుంచి మారెప్ప అనే రైతు అరిచాడు. "పేల్చండి! మీరూ మా జతకు ఈడనే కూర్చోండి!"

"పేల్చండి! పేల్చండి!" ఊరంతా అందుకుంది.

ఇంజనీరు బొమ్మ చుట్టి చంకన పెట్టుకుని జీపు వైపు నడిచాడు. సగం దూరం పోయాక పరుగే. ఆడవాళ్లు జీపుకు అడ్డం కూర్చున్నారు. పోలీసులు పదకొండు మందిని జుట్టు పట్టి లాగి వ్యాను ఎక్కించారు. అధికారుల మీద దాడి అని కేసు రాశారు. దాడికి వాడిన ఆయుధమని చేటను కూడా పట్టుకుపోయారు.

మరునాడు స్టేషన్లో హనుమంతమ్మ గడియారం వంకే చూస్తూ కూర్చుంది. క్వారీ పేలితే ఇక్కడి గోడ కూడా అదురుతుంది. ఇంట్లో సుంకన్న ఒక్కడే, కిటికీకి తడిగుడ్డ ఎవరు కడతారో అని ఆమె బాధ. ఒంటిగంట దాటింది. ఒకటిన్నర అయింది. గోడ అదరలేదు.

ఎస్సై తానే లోపలికి వచ్చాడు. "మీ ఊరోళ్లంతా క్వారీకి పోయి పేలుడు మందు పెట్టే గుంతల మీద కూర్చున్యారు. నీ మొగున్ని గూడా మంచంతో మోసుకుపోయినారు. నిన్ను వదుల్తా, పోయి లేపుకోని రా."

హనుమంతమ్మ కొంగు దోపుకుని లేచింది.

"వదులు సారూ. పోయి ఆయప్ప పక్కన నేనూ కూర్చుంటా."