అమ్మ మాట, నా డైలాగు

చిట్టి వచ్చేసరికి నేను టీవీలో మధ్యాహ్నం వచ్చే సీరియల్‌కి డైలాగులు రాస్తున్నాను. చిట్టి మా అక్క కూతురు, పెళ్లై ఏడాదిన్నర. చేతిలో బట్టల సంచీ ఉంది. ఎడమ దవడ వాచి ఉంది. ఏమైందని అడగలేదు. కుర్చీ మీది కాగితాలు తీసి కూర్చోమన్నాను.

గంట తిరక్కుండానే అక్క వచ్చింది. కూతురి మొహం చూసి తల తిప్పుకుంది.

"లే, పద. అల్లుడు ఫోన్ చేశాడు, పొరపాటైందన్నాడు. కొట్టిన చెయ్యే కన్నీళ్లు తుడుస్తుందే. పెద్దలు ఊరికే అన్నారా?"

"అది పెద్దల మాట కాదక్కా. నేను రాసిన డైలాగు," అన్నాను.

రెండేళ్ల కిందట దాన్ని హీరోయిన్ తల్లి నోట పెట్టాను. జనం ఫోన్లలో తెగ పంపుకున్నారు.

"నువ్వు రాయడమేమిటి? నా పెళ్లైన కొత్తలో అమ్మ నాతో అన్న మాట అది. నువ్వప్పుడు తలుపు పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటున్నావు."

నిజమే కాబోలు. నాకు గుర్తులేదు. ఇన్నాళ్లూ సొంత మాటే అనుకున్నాను. సిగ్గు వేయాలి, వేయలేదు. చన్నీళ్లలో చాలాసేపు నానిన చేతుల్లా ఉంది లోపలంతా.

"అమ్మమ్మ మాట విని వెళ్లావు కదా, తర్వాత ఏమైంది?" అని చిట్టి వాళ్లమ్మని అడిగింది.

"ఏమవుతుంది? నువ్వు పుట్టావు."

చిట్టి కుర్చీలోంచి లేవలేదు. అక్క ఒక్కతే వెళ్లిపోయింది.

ఆ వారం కథ ప్రకారం హీరోయిన్ భర్త దగ్గరికి తిరిగి వెళ్లాలి. నేను వెళ్లనివ్వలేదు. ఆమె చేత "నేను రాను" అనిపించి సీను పంపాను. డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"చూసేవాళ్లు ఒప్పుకోరమ్మా."

"వాళ్లకి అలవాటు చేసింది మనమే కదండీ."

"మనం చేసిందేముంది? ఇళ్లల్లో ఉన్నదే చూపిస్తున్నాం. మార్చి పంపండి."

మార్చలేదు. సోమవారం నుంచి ఇంకెవరో రాస్తున్నారు. బాధా కలగలేదు, గర్వమూ కలగలేదు.

చిట్టి ఒక కళ్లద్దాల దుకాణంలో పనికి కుదిరింది. సాయంత్రం వస్తుంది, ఇద్దరం తింటాం, పెద్దగా మాట్లాడుకోం.

"నువ్వు కథలు కూడా రాసేదానివటగా పిన్నీ?" అంది ఓ రోజు.

అల్మారా తెరిచి నా కథల పుస్తకం ఇచ్చాను. అందులో ఒక కథలో భార్య గడప దాటి వెళ్లి మళ్లీ రాదు.

"ఎంతమంది చదివారు?"

"మూడొందలు అచ్చేయిస్తే రెండొందల ముప్పై ఇక్కడే ఉన్నాయి."

నిలబడే రెండు పేజీలు చదివి, పుస్తకం తన సంచీలో వేసుకుంది.

నెల తర్వాత అక్క ఫోన్ చేసింది. అలక తీరినట్టే ఉంది గొంతు.

"నీ సీరియల్ ఈమధ్య బాగుంటోందే. ఆ పిల్ల మొగుడి దగ్గరికి తిరిగొచ్చే సీనులో ఏడిపించేశావు. చిట్టికి చూపించావా?"

నేను రాయడం మానేసి నెలైందని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పబుద్ధి కాలేదు.

"లేదక్కా. అది దుకాణంలో ఉంది."

"వచ్చాక చూపించు."

"అలాగే," అన్నాను.